బస్తరులో వేసవి: అడవి పల్లెల దినచర్యలో మార్పులు

మన దేశంలో వేసవికాలం అన్ని ప్రాంతాలకూ ఒకే విధంగా రాదు. కృష్ణా, గోదావరి డెల్టాలలో పంట ఇంటికి చేరిన రైతుకు ఎండలు ముదిరిన దినాలు కొంత విరామకాలం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని తెలుగునాట సామెత. ఆ రోజులలో పొలం పని మందగిస్తుంది. పెండ్లిండ్లు, తీర్థాలు, బంధువుల రాకపోకలు పెరుగుతాయి. కాని గోదావరికి ఉత్తరాన, శబరి, ఇంద్రావతి నదులు పారే బస్తరు అడవులలో వేసవికి మరొక అర్థం ఉన్నది. అక్కడి గిరిజన కుటుంబానికి ఏడాది పొడవునా చేతికి వచ్చే రొక్కంలో అధిక భాగం ఈ మూడు నెలలలోనే రావాలి. ఎండ ఎంత తీవ్రంగా ఉంటే పని అంత ఎక్కువగా ఉండే కాలమది.

అయినా మే మాసంలో మధ్యాహ్నం రెండు గంటలకు ఒక బస్తరు పల్లెకు వెళ్లిన ఉద్యోగికి ఈ సంగతి కనిపించదు. వీధి నిర్మానుష్యంగా ఉంటుంది. పురుషులు చెట్టునీడన నులకమంచాలపై పడుకొని ఉంటారు. పిలిచినా బదులు ఆలస్యంగా వస్తుంది. ఈ దృశ్యం చూచిన వారు గిరిజనులు శ్రమకు వెనుదీస్తారనే అభిప్రాయంతో తిరిగి వెళ్లడం చాలాకాలంగా జరుగుతున్నదే. అదే ఉద్యోగి తెల్లవారుజామున నాలుగు గంటలకు ఆ పల్లెకు వెళ్లి ఉంటే అక్కడ కూడా ఎవరూ కనిపించి ఉండరు. అప్పటికే ఊరంతా అడవిలో ఉంటుంది. ఆ పల్లె గడియారం వేసవిలో వేరుగా నడుస్తుంది. దానిని తెలుసుకోకుండా అక్కడి ప్రజల నడవడిని అర్థం చేసుకోవడం సాధ్యం కాదు.

నేల, ప్రజలు

బస్తరు ఒకప్పుడు స్వదేశ సంస్థానం. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇంద్రావతీ తీరానికి తరలివచ్చి ఈ రాజ్యాన్ని స్థాపించినాడని అక్కడి రాజవంశ సంప్రదాయం చెబుతున్నది. 1948లో బస్తరు, కాంకేరు సంస్థానాలు భారత యూనియన్‌లో విలీనమై ఒకే జిల్లాగా రూపొందినవి. సుమారు 39,000 చదరపు కిలోమీటర్ల వైశాల్యంతో ఆ ఒక్క జిల్లా కేరళ రాష్ట్రమంత ఉండేది. 1998లో దానిని మూడు జిల్లాలుగా విభజించినారు. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడిన తరువాత, 2007లోను 2012లోను జరిగిన విభజనలతో ఆ ప్రాంతంలో ఇప్పుడు బస్తర్, కాంకేర్, కొండగావ్, నారాయణ్‌పూర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా అనే ఏడు జిల్లాలున్నవి.

ఈ విశాల ప్రాంతంలో ఎండ కూడా ఒకే తీరుగా ఉండదు. జగదల్‌పూర్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తున పీఠభూమిపై ఉన్నది. అక్కడ పగలు వేడిగా ఉన్నా రాత్రి కొంత చల్లబడుతుంది. దక్షిణాన కోంటా, నైరుతిన భోపాలపట్నం గోదావరి లోయను ఆనుకొని పల్లంలో ఉన్నవి. అక్కడి వేసవి భద్రాచలం, కొత్తగూడెం ప్రాంతాల వేసవికి తీసిపోదు. అడవి స్వభావం కూడా ఇందుకు తోడవుతుంది. ఈశాన్య భాగంలో సాలవృక్షాలు ఎక్కువ. చైత్రంలోనే కొత్త చిగురు తొడిగి ఎండలో కూడా అవి నీడ ఇస్తాయి. నైరుతి భాగంలో టేకు ఎక్కువ. వేసవిలో అది పూర్తిగా ఆకురాల్చి మోడులా నిలుస్తుంది. ఒకే నెలలో ఒక పల్లె నీడలోను మరొక పల్లె నిప్పులోను ఉండడానికి ఇది ఒక కారణం.

మురియా, మరియా, దండామి మరియా, దోర్ల, ధుర్వా, భత్రా, హల్బా మొదలైన జాతులవారు ఇక్కడ నివసిస్తున్నారు. గోండీ, ధుర్వాల పర్జీ భాషలు తెలుగువలె ద్రావిడ కుటుంబానికి చెందినవి. సంతలో అందరినీ కలిపే భాష హల్బీ. కోంటా వైపు దోర్లల మాటలో తెలుగు పలుకుబడి విరివిగా వినిపిస్తుంది. తెలుగువారు ఇప్ప అనే చెట్టును గోండీ మాట్లాడేవారు ఇర్పు అంటారు. వారి పండుం అనే మాటలో మన పండుగ అనే మాట ధ్వనిస్తుంది. నదులూ ఈ చుట్టరికాన్నే చూపుతున్నవి. ఇంద్రావతి భద్రకాళి వద్ద గోదావరిలో కలుస్తుంది; శబరి కోంటాను ఒరుసుకుంటూ వచ్చి కూనవరం వద్ద గోదావరిలో కలుస్తుంది.

ఎండనుబట్టి మారే వేళలు

మానవ శరీరపు అంతర్గత ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీలు. శ్రమించే శరీరం తనలో పుట్టిన వేడిని చెమట ఆవిరి కావడం ద్వారా బయటికి పంపుతుంది. గాలి వేడెక్కి, తాగేనీరు తగ్గినప్పుడు ఈ ఏర్పాటు విఫలమవుతుంది. అంతర్గత ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటితే వడదెబ్బ ప్రాణాంతకం కావచ్చు. ఎండలో పనిచేయడానికి శరీరం అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుందని వైద్యశాస్త్రం చెబుతున్నది. బస్తరు గిరిజనులకు ఈ లెక్కలు తెలియకపోవచ్చు. కాని వారి దినచర్య ఈ లెక్కలకు సరిగా సరిపోయినట్లే ఉంటుంది.

వేసవి దినం తొలికోడి కూతకు ముందే ఆరంభమవుతుంది. తెల్లవారుజామునుండి పది గంటలవరకు అడవిపని. ఎండ నడినెత్తికి రాకముందే ఇంటికి చేరి, అంబలి తాగి నీడకు చేరుతారు. పదకొండు నుండి నాలుగు వరకు బయట నడక దాదాపు నిలిచిపోతుంది. అది పూర్తిగా విశ్రాంతి అనుకోవడం పొరపాటు. చెట్టుకిందనో వసారాలోనో కూర్చుని స్త్రీలు చింతపండు గింజ తీస్తారు, ఆకులు కట్టలు కడతారు, చీపుళ్లు చుడతారు. పురుషులు తాళ్లు పేనుతారు, బుట్టలు అల్లుతారు, నాగలి కర్రలు చెక్కుతారు. మధ్యలో గంటో రెండు గంటలో నిద్ర. నాలుగు దాటిన తరువాత నీరు, కట్టెలు, పశువులు, కంచెలు, ఇంటికప్పు మరమ్మతు.

రాత్రి వేళ పల్లె మళ్లీ మేల్కొంటుంది. మట్టి గోడల ఇంటిలో ఉక్కపోత కనుక మంచాలు ముంగిటికి వస్తాయి. పగటివేళ ఎదురుపడని ఇరుగుపొరుగు రాత్రి పక్కపక్క మంచాలపై మాట్లాడుకుంటారు. పెండ్లి సంబంధాలు, పొలం గట్టు తగాదాలు, ఊరి పెద్దల సమావేశాలు ఈ వేళకే తేలుతాయి. ఈ విధంగా వేసవిలో నిద్ర రెండు భాగాలుగా చీలుతుంది: అర్ధరాత్రి తరువాత కొంత, మధ్యాహ్నం కొంత. స్పెయిన్ దేశంలో మధ్యాహ్న విశ్రాంతిని సియస్టా అంటారు. లాటిన్ భాషలో ఆరవ గంట అనే అర్థమున్న మాట నుండి అది పుట్టింది. ఎండ దేశాల ప్రజలు ఒకరినొకరు ఎరుగకుండానే ఒకే పరిష్కారానికి చేరుకున్నారు. ఒకచోట దానిని నాగరికత అని, మరొకచోట సోమరితనమని పిలవడం న్యాయం కాదు.

ఇప్పపూల వేకువ

మార్చి, ఏప్రిల్ నెలలలో ఇప్పచెట్టు ఆకురాల్చి పూలు తొడుగుతుంది. రసంతో నిండిన లేతపసుపు పూరేకులు రాత్రి చివరి జామునుండి రాలడం ఆరంభించి సూర్యుడు పైకి వచ్చేవరకు రాలుతూనే ఉంటాయి. ఆలస్యమైతే ఎండకు వాడుతాయి. లేదా పశువులు, జింకలు తింటాయి. ఎలుగుబంటికి ఇప్పపూలంటే ప్రీతి కనుక చీకటిలో చెట్టు కిందకు వెళ్లడం ప్రమాదంతో కూడినది. అందుచేత ఇంటిల్లిపాదీ కలిసి వెళతారు. దూరపు చెట్లయితే రాత్రి అక్కడే మంట వేసుకొని పడుకుంటారు. పసిబిడ్డ తల్లి వీపున ఉంటుంది. వృద్ధురాలు నేలపై కూర్చుని పూలు ఏరుతూ ముందుకు జరుగుతుంది. ఏ చెట్టు ఏ కుటుంబానిదో ఊరిలో అందరికీ తెలుసు. ఆ హక్కు కాగితంపై లేకపోయినా తండ్రినుండి బిడ్డలకు సంక్రమిస్తుంది.

ఏరిన పూలను ముంగిలి అలికి ఎండబెడతారు. ఎండితే బరువు సగానికంటే ఎక్కువే తగ్గుతుంది. కొంత సంతకు పోతుంది. కొంత ఇంటిలో నిలువ ఉంటుంది. ఎండిన పువ్వును ఉడికించి తింటారు, పశువులకు పెడతారు, సారా కాస్తారు. పుట్టుకకూ పెండ్లికీ చావుకూ దేవతకు సమర్పించవలసినది ఆ సారాయే. వానలు వచ్చే వేళకు అదే చెట్టు కాయలు ఇస్తుంది; గింజలనుండి నూనె తీస్తారు. ఈ కారణంగా ఇప్పచెట్టును నరకడం తప్పుగా భావిస్తారు.

ఈ పనిలో ఒక చిక్కు ఉన్నది. పూలు స్పష్టంగా కనిపించడానికి చెట్టుకింద రాలిన ఆకులకు నిప్పు పెట్టడం ఆచారం. గాలి వీచినప్పుడు ఆ నిప్పు అడవిలోకి పాకుతుంది. లేతమొక్కలు మాడిపోతాయి. దీనికి నిషేధం మాత్రమే పరిష్కారం కాదు. చెట్టుకింద వలలు కట్టి పూలు నేలను తాకకుండా పట్టే పద్ధతిని ఇటీవలి సంవత్సరాలలో ప్రవేశపెట్టినారు. దీనివల్ల పువ్వుకు మన్ను అంటదు, ధర పెరుగుతుంది, నిప్పు అవసరం తప్పుతుంది. ఆచారాన్ని నిందించకుండా, దానికి కారణమైన అవసరాన్ని వేరొక విధంగా తీర్చిన ఉపాయమిది.

తునికాకు రోజులు

ఇప్పపూలు ముగిసిన వెంటనే తునికాకు వస్తుంది. బీడీలకు వాడే ఈ ఆకు కోసం ఫిబ్రవరి, మార్చి నెలలలోనే పొదలు నరుకుతారు. అక్కడ వచ్చే లేత చిగురు ఏప్రిల్ చివరనుండి మే వరకు కోతకు సిద్ధమవుతుంది. కోత సాగేది కొద్ది వారాలే. ఎండలు అత్యంత తీవ్రంగా ఉండే వారాలు కూడా అవే.

వేకువన అడవిలోకి వెళ్లి పది గంటలకు ఆకు మోపులతో తిరిగివస్తారు. మధ్యాహ్నమంతా ఇంటిలో చిన్నా పెద్దా కూర్చుని ఆకులను పరిమాణంవారీగా ఏరి, యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున నారతో కడతారు. సాయంత్రం ఆ కట్టలను కల్లానికి చేరుస్తారు. కల్లేదారు లెక్క చూచి పుస్తకంలో వ్రాస్తాడు. బయలులో వరుసలుగా పరచిన కట్టలు దినాల తరబడి ఎండాలి, తిరగవేయాలి. ఈ మధ్యలో ఒక్క గాలివాన, ఒక్క వడగండ్ల జల్లు వచ్చినా ఆకుపై మచ్చలు పడి శ్రమ నష్టమవుతుంది. కాబట్టి వేసవిలో సాయంకాలపు మబ్బును చూచి పట్టణవాసి సంతోషిస్తే, కల్లం దగ్గర ఉన్న గిరిజనుడు ఆందోళన చెందుతాడు.

ఒకప్పుడు ఈ వ్యాపారం పూర్తిగా గుత్తేదారుల చేతిలో ఉండేది. కట్టలో ఆకులు ఎక్కువ పెట్టించుకోవడం, బాగులేదని కట్టలు తిప్పివేయడం వంటి అన్యాయాలపై గిరిజనులు ఎన్నో ఫిర్యాదులు చేసినారు. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 1964లో చట్టం చేసి తునికాకు వ్యాపారాన్ని తన అధీనంలోకి తెచ్చుకున్నది. ఆంధ్రప్రదేశ్‌లో అడవి చిల్లర ఉత్పత్తుల వ్యాపారాన్ని క్రమబద్ధం చేసే చట్టం 1971లో వచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లో వెయ్యి కట్టల ప్రామాణిక బస్తాకు చెల్లించే సేకరణ కూలి 2,500 రూపాయలుండగా 2019లో 4,000కు, 2024లో 5,500కు పెరిగింది. బస్తా అంటే యాభై వేల ఆకులు. అనగా ఒక్కొక్క ఆకుకు పదకొండు పైసలు. ఆకు కోయడం, మోయడం, ఏరడం, కట్టడం, కల్లానికి చేర్చడం అన్నీ ఆ పదకొండు పైసలలోనే ఉన్నవి. వానలలో విత్తనానికి, బట్టలకు, పిల్లల చదువుకు, మందులకు ఆధారం ఈ సొమ్మే.

ఇప్పపువ్వు, తునికాకులతోపాటు చింతపండు, సారపప్పు, సాలగింజ కూడా ఈ కాలపు రాబడులే. జగదల్‌పూర్ చింతపండు వ్యాపారం దేశంలో పేరుపొందినది. ఉప్పుకు బదులు చింతపండు ఇచ్చి నష్టపోయే పరిస్థితిని మార్చడానికి 1999లో జిల్లా యంత్రాంగం గ్రామస్థుల బృందాల ద్వారా కొనుగోలు చేయించిన ఉద్యమం ఇమ్లీ ఆందోళన్ అనే పేరుతో ప్రసిద్ధమైనది. 2006నాటి అటవీ హక్కుల చట్టం చిల్లర అటవీ ఉత్పత్తులపై అడవి వాసుల హక్కును గుర్తించింది. అటవీ ఉత్పత్తులకు విలువ చేకూర్చే వన్‌ధన్ కేంద్రాలలో మొదటిది 2018 ఏప్రిల్ 14న బీజాపూర్‌లో ప్రారంభమైంది.

నీరు, అంబలి

ఇంద్రావతిపై చిత్రకూట్ జలపాతం వర్షాకాలంలో గుర్రపు లాడం ఆకారంలో నది వెడల్పంతా దూకుతుంది. మే నెలలో సన్నని ధారలుగా మిగులుతుంది. ఎగువన ఒడిశాలో కొంత నీరు జోరా వాగు వైపు మళ్లుతున్నందువల్ల వేసవి ప్రవాహం తగ్గుతున్నదనే విషయం రెండు రాష్ట్రాల మధ్య చర్చనీయాంశంగా ఉన్నది. పెద్దనది పరిస్థితి ఇట్లుండగా చిన్నవాగులు పూర్తిగా ఎండిపోతాయి. చేతిపంపు లేని పల్లెలలో, లేదా పంపులో ఇనుప తుప్పు నీరు వచ్చే పల్లెలలో, స్త్రీలు ఏటి ఇసుకలో చెలమలు తవ్వుతారు. చెలమలో నీరు ఊరడానికి సమయం పడుతుంది. వంతుకోసం కడవలతో కూర్చున్న చోటు వారికి ఒక సభాస్థలి. మాటలు కలిసేది అక్కడే. తగవులు మొదలయ్యేదీ అక్కడే.

ఆహారం కూడా ఎండనుబట్టి మారుతుంది. రాగిపిండి లేదా బియ్యపు నూకతో కాచి, రాత్రంతా ఉంచి పులియనిచ్చిన పల్చని అంబలి వేసవిలో ముఖ్యాహారం. అక్కడివారు దానిని పేజ్ అంటారు. ఎండిన సొరకాయ బుర్రలో పోసుకొని అడవికి తీసుకువెళతారు. బుర్రలో అది చల్లగా ఉంటుంది. ఆకలినీ దాహాన్నీ ఒకేసారి తీరుస్తుంది. చెమటలో పోయిన ఉప్పు కొంత తిరిగి వస్తుంది. మామిడి, సాల చెట్లపై గూళ్లు కట్టే ఎర్రచీమలను దంచి మిరపకాయతో నూరిన చాప్డా అనే పచ్చడి ఈ దినాలలో సంతలో ఆకు దొన్నెలలో అమ్ముతారు. జీలుగు చెట్టును వారు సల్ఫీ అంటారు. దాని కల్లు పీఠభూమి పల్లెలలో, తాటికల్లు పల్లపు పల్లెలలో అతిథి మర్యాదకు గుర్తు.

కూడికలు, కోపాలు

ఫ్రెంచి సామాజిక శాస్త్రజ్ఞుడు మార్సెల్ మాస్ 1906లో ప్రకటించిన ఒక అధ్యయనంలో ఉత్తర ధ్రువ ప్రాంతపు ఎస్కిమో ప్రజలు వేసవిలో చిన్న కుటుంబాలుగా చెదరిపోయి, శీతకాలంలో పెద్ద ఇళ్లలో కలిసి నివసిస్తారని, రెండు కాలాలలో వారి మతాచారాలు, ఆస్తి నియమాలు సైతం వేరుగా ఉంటాయని చూపినాడు. ఋతువు ప్రభావం దుస్తులతో, తిండితో ఆగిపోదు. సమాజపు అల్లికనే మారుస్తుంది. బస్తరులో ఈ మార్పు తలకిందులుగా ఉన్నది. అక్కడ మనుషులను విడదీసేది వాన. జూన్ మధ్యనుండి వాగులు పొంగి పల్లెలు ఒకదానికొకటి దూరమవుతాయి. చేరుకోవడం కష్టమైన గ్రామాలకు వానల నెలల రేషన్ బియ్యాన్ని ముందుగానే తరలించి నిలువచేయవలసి వస్తుంది. వాగులు ఎండి దారులు తెరచుకునే వేసవి కలుపుతుంది.

అందుచేత పెండ్లిండ్లు ఈ కాలంలోనే ఎక్కువ. దండామి మరియాలు అడవిదున్న కొమ్ముల తలపాగా ధరించి పెద్ద డోళ్లు వాయిస్తూ చేసే నృత్యం పెండ్లిళ్ల కాలపు వేడుక. 1938లో 'ది మరియా గోండ్స్ ఆఫ్ బస్తర్' అనే గ్రంథం వ్రాసిన డబ్ల్యు. వి. గ్రిగ్‌సన్ వీరిని ఆ కొమ్ముల పేరుతోనే ప్రపంచానికి పరిచయం చేసినాడు. చైత్రమాసంలో మాటి తిహార్ అనే భూమి పండుగ వస్తుంది. రానున్న పంటకు దాచిన విత్తనాన్ని భూమాత ఎదుట ఉంచి పూజిస్తారు. గోదావరి తీరపు కోయలు చేసే విజ్జ పండుం కూడా ఇట్టి విత్తనాల పండుగే. మామిడి పండుగ జరిగేవరకు కొత్త మామిడికాయ ముట్టరాదని ఒక నియమం. దీనివల్ల కాయ ముదిరి టెంక గట్టిపడేవరకు చెట్టుపై నిలుస్తుంది. అందరికీ ఒకేసారి అందుతుంది. వేసవిలో ఊరంతా కలిసి వేటకు వెళ్లే పారద్ అనే ఆచారం కూడా ఉండేది. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది.

కూడికతోపాటు ఘర్షణ కూడా ఉంటుంది. నిద్ర చాలక, దాహం తీరక, తెల్లవారకముందునుండి శ్రమించిన శరీరంలో ఓర్పు తగ్గుతుంది. ఉష్ణోగ్రత పెరిగినప్పుడు దౌర్జన్యపు నేరాలు పెరుగుతాయని అనేక దేశాలలో జరిగిన పరిశోధనలు తెలుపుతున్నవి. బస్తరులో కొత్త సారా, చేతిలో రొక్కం, పెండ్లి విందులు, కోడిపందాలు ఒకే కాలంలో కలుస్తాయి. ఇప్పచెట్టు హద్దు, చెలమ వంతు, పందెపు బాకీ వంటి చిన్న సంగతులు పెద్ద తగవులవుతాయి. వెరియర్ ఎల్విన్ 1943లో వెలువరించిన 'మరియా మర్డర్ అండ్ సూయిసైడ్' గ్రంథంలో నూరు హత్యోదంతాలను పరిశీలించినాడు. పుట్టుకతో క్రూరులైన వారి చేతలుగా కాక, కుటుంబ కలహం, అవమానం, అనుమానం, మద్యం, అలసట వంటి మానవ సహజమైన కారణాల వెలుగులో వాటిని అర్థం చేసుకోవాలని ఆయన యత్నించినాడు. ఒక జాతిపై కోపిష్ఠులనే ముద్ర వేయడానికి ముందు వారి నిద్రను, నీటిని, శ్రమను లెక్కలోకి తీసుకోవలసి ఉన్నది.

ఈ ప్రజలే తగవును చల్లార్చే ఉపాయాలనూ కల్పించుకున్నారు. పగటి కోపాన్ని రాత్రి సమావేశం వరకు ఆపుతారు. తప్పు చేసినవాడు ఊరికి సారానో మేకనో దండుగగా ఇచ్చి అందరితో కలిసి తింటాడు. దానితో వైరం ముగిసినట్లే లెక్క. చల్లని వేళకు వాయిదా వేసిన న్యాయం తరచు మంచి న్యాయమే అవుతుంది.

గోదావరి వైపు దారి

బస్తరు వేసవికి మరొక ముఖం ఉన్నది. సంక్రాంతి దాటినప్పటినుండి సుక్మా, బీజాపూర్ జిల్లాల పల్లెలనుండి వందలాది కుటుంబాలు దక్షిణానికి బయలుదేరుతాయి. ములుగు, భద్రాద్రి కొత్తగూడెం, ఖమ్మం జిల్లాల మిరప చేలలో కాయ కోతకు చేతులు కావాలి. వారు చేలగట్లపై తాటాకు, ప్లాస్టిక్ పట్టాల గుడిసెలు వేసుకొని ఏప్రిల్ వరకు ఉంటారు. కొన్నిచోట్ల కూలిలో కొంత మిరపకాయల రూపంలోనే అందుతుంది. ఇప్పపూల వేళకు కొందరు, తునికాకు వేళకు మరికొందరు ఇంటికి తిరిగి వస్తారు. తెలుగు మాటలు, తెలుగు వంటలు, తెలుగు సినిమా పాటలు వారితోపాటు అడవికి చేరుతాయి. తెలుగువారి వంటింటి కారంలో బస్తరు స్త్రీల వేళ్ల మంట కూడా కలిసి ఉన్నది.

ఈ రాకపోకలు ఎల్లప్పుడూ స్వేచ్ఛగా జరిగినవి కావు. 2005 తరువాత చెలరేగిన హింసాకాండ వల్ల వేలాదిమంది ఇళ్లు విడిచి గోదావరి తీరపు అడవులకు వచ్చి స్థిరపడినారు. తాగునీరు, పట్టా, కులధ్రువపత్రం లేని వారి ఆవాసాలకు ప్రతి వేసవీ ఒక పరీక్ష. 2020 ఏప్రిల్‌లో దేశమంతటా రాకపోకలు నిలిచిపోయినప్పుడు మిరప కోతకు వచ్చిన ఒక బృందం ఎండలో అడవిదారిన కాలినడకన స్వగ్రామాలకు బయలుదేరింది. మూడు దినాలు నడిచిన తరువాత, ఇల్లు మరికొద్ది దూరం ఉందనగా, వారిలో పన్నెండేళ్ల బాలిక మరణించింది. ఎండను ఇంత బాగా ఎరిగిన ప్రజలు కూడా తమ వేళలను తాము నిర్ణయించుకోలేని స్థితిలో ఎండకు బలి అవుతారని ఆ సంఘటన దేశానికి చూపింది.

గ్రహించవలసిన విషయం

వేసవి బస్తరు ప్రజల నడవడిని మారుస్తున్నది అనడం సత్యమే. కాని ఆ మార్పు ఎండకు లొంగిపోవడం కాదు. ఎండతో ఒప్పందం చేసుకొని బతుకును సాగించడం. ఈ ఒప్పందానికి మూడు ఆధారాలు ఉన్నవి: పనివేళను తామే నిర్ణయించుకునే స్వేచ్ఛ, చెట్టునీడ, అందుబాటులో నీరు. ఈ మూడింటిలో ఏది తొలగినా శతాబ్దాల అనుభవం కొరగాకుండా పోతుంది. అడవి తరిగి, ఎండల తీవ్రత పెరుగుతున్న ఈ కాలంలో ఈ విషయానికి మరింత ప్రాధాన్యమున్నది.

పాలనాయంత్రాంగం గ్రామపు గడియారాన్ని అనుసరించడం కష్టసాధ్యం కాదు. గ్రామసభను మధ్యాహ్నం కాక సాయంత్రం చల్లబడిన తరువాత పిలిస్తే స్త్రీలు కూడా వస్తారు. ఆరోగ్య కార్యకర్త పదకొండు గంటల తరువాత ఇళ్లకు వెళితే కుటుంబమంతా నీడన దొరుకుతుంది. అదే కార్యకర్త ఎనిమిది గంటలకు వెళితే తలుపులు వేసి ఉంటాయి. కల్లం వద్ద తాగునీరు, నీడపందిరి, ఉప్పు చక్కెర కలిపిన నీటి పొట్లాలు ఉంచడానికి పెద్ద వ్యయం కాదు. ఇప్పపూల కాలంలో బడికి రాని పిల్లల పేర్లు కొట్టివేయడానికి బదులు, పూలు ఏరి వచ్చిన తరువాత పాఠం చెప్పే ఏర్పాటు ఆలోచించవచ్చు. ఉపాధి పనులను తెల్లవారుజామున ఆరంభించి పది గంటలకు ముగించవచ్చు. మిరప చేలకు వచ్చే కూలీల విషయంలో తెలుగు జిల్లాల రైతులకు, పంచాయతీలకు కూడా ఇట్టి బాధ్యతే ఉన్నది.

జాతీయ సమైక్యత అంటే దేశమంతా ఒకే వేళకు లేచి ఒకే వేళకు పని చేయడం కాదు. ఒక ప్రాంతపు ప్రజల వేళలను మరొక ప్రాంతపు ప్రజలు గౌరవించడం కూడా సమైక్యతలో భాగమే. మే మాసపు మధ్యాహ్నం బస్తరు పల్లెలో చెట్టుకింద నిద్రించే మనిషిని లేపి సోమరితనాన్ని గురించి బోధించనక్కరలేదు. అతని తలపక్కన ఉన్న బుట్టలో తెల్లవారకముందు కోసిన ఆకులు ఉంటాయి. సాయంత్రానికి అవి కట్టలై కల్లానికి చేరవలసి ఉన్నది.